నేను సర్కారు బడి బీరువాని

నా తలుపు మీద తెల్ల పెయింటుతో ‘ఓ.బి.బి.’ అని రాసి ఉంటుంది. ఆపరేషన్ బ్లాక్ బోర్డు. 1986 జాతీయ విద్యా విధానం వచ్చాక, మరుసటేడు కేంద్రం మొదలుపెట్టిన పథకం. ప్రతి ప్రాథమిక బడికీ వానకు కురవని రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, గ్లోబు, ఆటవస్తువులు ఇవ్వాలన్నారు. ఆ సామానుతో పాటు నేనూ ట్రాక్టరెక్కి మొయినాబాద్ మండలంలోని ఈ ఊరికొచ్చాను. ఊరి పేరెందుకు లెండి. చేవెళ్ల పోయే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడలోంచి లోపలికి తిరిగితే ఇలాంటి ఊళ్లు చాలానే తగులుతాయి.

గ్లోబు ఎప్పుడో సొట్టపడి పోయింది. నా హ్యాండిల్ ఊడితే సుతిలి తాడు కట్టారు. పై అరలో అడ్మిషన్ రిజిస్టర్లు, మధ్య అరలో హాజరు పట్టీలు, కింద సుద్దముక్కల డబ్బాలు, లాకర్లో క్యాష్‌బుక్కూ పాస్‌బుక్కూ. పెద్దసార్లు బదిలీ మీద పోతుంటారు, లెక్కలు నా దగ్గరే ఉంటాయి. ఈ బడికి ఎంత డబ్బు, ఏ నెలలో వచ్చిందో నాకు తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు.

2010 నాటి క్యాష్‌బుక్ తిరగేయండి. విద్యాహక్కు చట్టం ఆ ఏడు ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. అప్పట్లో సర్వశిక్షా అభియాన్ కింద ప్రాథమిక బడికి స్కూల్ గ్రాంటు 5,000. మూడు గదుల లోపు బడికి మరమ్మతులకు ఇంకో 5,000. బొమ్మలూ చార్టులూ చేసుకోమని ఒక్కో టీచరుకు 500. ఇద్దరు టీచర్లున్న మా బడికి అన్నీ కలిపి 11,000. ఇప్పుడు అన్నీ కలిపేసి కాంపోజిట్ గ్రాంటు అన్నారు. పిల్లలు 30 మంది లోపుంటే ఏడాదికి 10,000, అందులో పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. చీపురు, ఫినాయిల్, నల్లా వాషరు, తాళంకప్ప, రిజిస్టర్లు, జిరాక్సులు ఏవీ ఆనాటి ధరకు దొరకడం లేదు. నేను ఇనుపదాన్నే అయినా ఈ తీసివేత నాకూ వచ్చు.

జీతాల సంగతి వేరు. చిన్న బడిలో ఒక్కో పిల్లాడి మీద సర్కారు పెట్టే జీతాల ఖర్చు తక్కువేం కాదు. కాని జీతంతో పగిలిన ట్యాంకుకు మూత రాదు కదా. టీచర్లు సొంత జేబులోంచి తెచ్చిన వస్తువులు నాలో కొన్ని ఉన్నాయి. వాటికి వోచర్లు లేవు.

పాత పాస్‌బుక్కులో డబ్బు కొన్నాళ్లయినా నిలవుండేది. 2021 తరువాత సున్నా బ్యాలెన్సు ఖాతాలొచ్చాయి. ఇంతవరకు వాడుకోమని పైనుంచి లిమిట్ ఇస్తారు. మార్చి 31 దాటితే అది పోతుంది. బడి తెరిచేది జూన్‌లో, మాకు లిమిట్ తెరిచింది ఒకసారి మార్చి మూడో వారంలో. ఆ వారం చూడాలి పెద్దసారు అవస్థ. బడి కమిటీ చైర్మన్ పూలతోటలో కూలికి పోయే తల్లి. ఆమె సంతకం లేనిదే రూపాయి కదలదు. చేతికి మట్టితోనే పరుగున వచ్చి నా తలుపుకు ఆనుకొని నిలబడింది.

“సారూ, ఈసారన్న నల్లా బాగుచేపిస్తరా?”

“ముందుగాల దుకాణపాయన పాత బాకీ కట్టాలమ్మా. మిగిల్తే చేపిద్దాం.”

మిగల్లేదు.

మంచి జరగలేదని నేననను. 2024 సెప్టెంబర్‌లో సర్కారు బడులకు ఉచిత కరెంటు ప్రకటించారు. అంతకుముందు గ్రాంటులో కొంత బిల్లులకే పోయేది. ఊడ్చే మనిషికి నెలనెలా వేరే డబ్బు ఇవ్వడం కూడా ఆ ఏడే మొదలైంది. 2022 మార్చిలో ‘మన ఊరు – మన బడి’ అని బడులు బాగుచేసే పథకం పెట్టినప్పుడు నాకూ ఆశ పుట్టింది. 26,065 బడులు, 7,289 కోట్లు. తొలి విడతకు 9,123 బడులే. పిల్లలు ఎక్కువున్న వాటిని ముందు తీసుకున్నారు. ఎక్కువ మంది ఉన్నచోట ముందు ఖర్చు పెట్టడం తప్పని ఎవరంటారు? కాని మా బడి సంగతి చూడండి. నల్లా రాదని, గది కురుస్తోందని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బడి పసుపు వ్యానెక్కిస్తారు. పిల్లలు తగ్గారని గ్రాంటు తగ్గుతుంది. గ్రాంటు తగ్గిందని నల్లా అలాగే ఉంటుంది. తలలు లెక్కపెట్టి డబ్బిచ్చే పద్ధతిలో, అందరికన్నా ఎక్కువ అవసరం ఉన్న బడికి అందరికన్నా తక్కువ వస్తుంది.

ఊళ్లో డబ్బు లేదా అంటే బోలెడుంది. 1996 నాటి 111 జీవో వల్ల జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డు పడింది గాని ఫాంహౌసులూ రిసార్టులూ ఆగలేదు. ఎకరాల ధర కోట్లలో పలుకుతోంది. కోటి రూపాయల రిజిస్ట్రేషన్ జరిగితే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఏడున్నర లక్షలు. అందులో బడి పేరిట రాసిన వాటా లేదు. పక్కనే చిలుకూరు బాలాజీ. హుండీ పెట్టుకోని దేవుడు. ఆయనకు 108 ప్రదక్షిణలున్నాయి, సాగిపోతుంది. మా బడి చుట్టూ ఎవరు తిరుగుతారు?

వీసా మొక్కు తీర్చుకొని వెళ్తూ ఒక జంట పిల్లలకు నోటుపుస్తకాలివ్వడానికి ఆగారు. అమెరికాలో ఇంటి పన్నులో పెద్ద వాటా బడికే పోతుందని, మంచి బడి ఉన్నచోట ఇళ్ల ధరలు మండిపోతాయని పెద్దసారుతో అన్నారు. అక్కడా పేదల పేటకు పేద బడే మిగిలింది. అందుకే తగువు కోర్టుకెక్కింది. మనవాళ్లు వేలాదిగా ఉండే న్యూజెర్సీలో, పేద పట్టణాల పిల్లల మీద ఖర్చు సంపన్న శివార్లతో సమానం చేయమని 1990లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ అలా అడిగినవారి కాగితం ఇంకా నా అరల్లోకి రాలేదు. దేశ ఆదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. తెలంగాణ 2025–26 బడ్జెట్ 3,04,965 కోట్లయితే విద్యకు ఇచ్చింది 23,108 కోట్లు. రాష్ట్ర బడ్జెట్‌లోనే వందకు ఏడున్నర.

ఇప్పుడు మా లెక్క. బడుల లెక్కలు ఎక్కించే ఆన్‌లైన్ పట్టీ యూడైస్‌లో 29 మంది. 31 ఉంటే గ్రాంటు 25,000 దాకా వస్తుంది. ఇద్దరే తక్కువ. నిజానికి తరగతిలో కూర్చునేది 34 మంది. బిహార్, ఒడిశా నుంచి ఫాంహౌసుల కాపలాకు, నర్సరీల పనికి వచ్చినవాళ్ల పిల్లలు ఐదుగురు. ఆధార్ లేదని వాళ్ల పేర్లు ఆన్‌లైన్‌లో నిలవడం లేదు. హాజరు పట్టీ చివరి పేజీలో పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. బెంచీలో చోటు వాళ్లకూ కావాలి, సుద్దముక్క అరుగుదలలో వాళ్ల వాటా కూడా ఉంది.

నిన్న మా రెండో టీచరు మేడం ఆ పిల్లల తల్లుల్లో ఒకమ్మను నా ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. పుట్టిన సర్టిఫికెట్ సొంతూళ్లో అత్త దగ్గరుందట. ఫోన్ కలిపి, వచ్చీరాని హిందీలో మేడమే మాట్లాడింది. ఫొటో తీసి పంపమంది. అసలు కాగితమే కావాలని ఆధార్ సెంటరువాళ్లు అంటే ఏం చేయాలో తరువాత చూద్దామంది. యూడైస్ గడువు ఈ నెలాఖరు.