డ్యాష్‌బోర్డుకు తలంటు

మా అమ్మాయి కొడుకు కారు కొన్నాడు. కొన్నాడంటే బ్యాంకువాడు కొన్నాడు, వీడు నెలనెలా కడుతున్నాడు. సరే, అది వేరే ఏడుపు. కారుతోపాటు ఇంటికి ఒక సంచీ కూడా వచ్చింది. అందులో మూడు సీసాలు, రెండు కుంచెలు, నాలుగు రంగుల మైక్రోఫైబర్ గుడ్డలు. ఇవన్నీ దేనికిరా అంటే, "డ్యాష్‌బోర్డుకి తాతయ్యా, లెదర్‌ది కదా" అన్నాడు. వీడు పుట్టినప్పుడు మా ఇంట్లో ఇంత సరంజామా లేదు నాయనా. ఇంత ఆముదం, ఇంత నలుగుపిండి, కాగు నిండా వేణ్నీళ్లు. వాటితోనే వీణ్ణి ఇంతవాణ్ణి చేశాం. ఇవాళ వీడు డ్యాష్‌బోర్డుకి లాలపోస్తున్నాడు.

మా రోజుల్లో డ్యాష్‌బోర్డంటే రేకు. 1978లో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫియట్‌కి ఒళ్లు ఏ రంగో లోపలి రేకూ అదే రంగు. గేరు స్టీరింగు కింద, నా చెయ్యి కిటికీ బయట, విజయవాడ అంతా నాదే. పొద్దున్నే పాత పంచె చింపి, తడిపి, గట్టిగా పిండి ఒక్క తుడుపు తుడిస్తే మొహం చూసుకోవచ్చు. ఎండలో పెడితే కాలేది, నీడకు తెస్తే చల్లారేది. అంటే దానికి కోపం ఉండేది గానీ అలక ఉండేది కాదు. ఇప్పటివాటికి అన్నిటికీ అలకే. నీళ్లు ఎక్కువైతే అలక, ఎండ ఎక్కువైతే అలక, మా ఆవిడ చేతికున్న క్రీము తగిలినా అలకే.

అయినా తోలు గురించి మీరా నాకు చెప్పేది? మా ఊళ్లో కిర్రు చెప్పులు కుట్టే పెద్దాయన ఇంటి వెనక తొట్ల దగ్గరే మేం పెరిగాం. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ నానేసిన నీళ్లలో తోళ్లు రోజుల తరబడి మగ్గేవి. ఆ వాసనకి కొత్తవాళ్లు వీధి మలుపులోనే ఆగిపోయేవాళ్లు. ఆ చెప్పులేసుకుని మా నాన్న వస్తుంటే కిర్రు కిర్రుమని మూడిళ్ల అవతలికి వినపడేది. మేం పుస్తకాలు తియ్యడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. ఇప్పటి తండ్రులు చప్పుడు లేని బూట్లేసుకుని మీదకొస్తారు, పిల్లలు ఏమైపోవాలి? ఆ చెప్పులకు నెలకోసారి ఆముదం రాసి చూరు కింద పెడితే తెల్లారేసరికి మొత్తం తాగేసేవి. తోలంటే అదీ. పెట్టింది తిని, చెప్పినట్టు వినేది.

ఆ ధీమాతోనే ఒక ఆదివారం ఆ పని చేశాను. కుర్రాడింకా లేవలేదు. గానుగ కొబ్బరినూనె గిన్నెలో పోసుకెళ్లి, డ్యాష్‌బోర్డుకి ఆ చివర నుంచి ఈ చివరిదాకా శుభ్రంగా తలంటాను. ఏం మెరుపనుకున్నారు! పెళ్లికొడుకు బుగ్గలా నిగనిగలాడింది. పదింటికి అందరం ఎక్కి ప్రకాశం బ్యారేజీ మీదికి చేరేసరికి, ఎదురెండ ఆ నూనె మీద పడి, ముందద్దంలో డ్యాష్‌బోర్డు ప్రతిబింబం తప్ప ఇంకేం కనపడలేదు. వాడు కళ్లు చికిలించుకుని నడుపుతుంటే నేను కృష్ణమ్మకు దణ్ణం పెట్టుకుంటున్నట్టు నటించాను. మూడో రోజుకి బందరు రోడ్డు దుమ్మంతా దాన్ని అంటిపెట్టుకుంది. వారానికి కారు తలుపు తీస్తే పాత నూనె డబ్బా మూత తీసినట్టే.

అప్పుడు పెట్టాడు వాడు క్లాసు. ఇది మీ చెప్పుల తోలు కాదు తాతయ్యా అన్నాడు. ఇప్పటి కార్ల తోలును రసాయనాలతో పదును చేసి, పైన రంగేసి, ఆ రంగు మీద పారదర్శకంగా ఒక పూత వేస్తారట. నూనె ఆ పూత దాటి లోపలికి పోదు. పైనే కూర్చుని దుమ్మును పిలుస్తుంది. మనం కాపాడుకోవాల్సింది తోలును కాదు, ఆ పూతను. ఇంతకీ చాలా కార్లలో అది అసలు తోలే కాదట, పీవీసీయో పాలియురెథేనో అట. అంటే మా రెక్సిన్‌కి ఇంటిపేరు మార్చి అమ్ముతున్నారన్నమాట. ఆ మాట పైకి అన్నాను. వాడు కాదనలేకపోయాడు. ఆ పూటకి అదొక్కటే నా గెలుపు.

తర్వాత ఎలా తుడవాలో చూపించాడు. చూడకూడదనే కూర్చున్నాను, చూశాను. ముందు పొడిగుడ్డతో దుమ్ము తియ్యాలి. లేకపోతే తడి తగిలిన దుమ్ము ఉప్పుకాగితంలా గీస్తుంది. ఏసీ వెంట్ల సందుల్లో, కుట్టు వెంబడి మెత్తటి కుంచె తిప్పాలి. సీసాలో మందు డ్యాష్‌బోర్డు మీద చిమ్మకూడదు, కింద స్విచ్చులు, వైర్లు ఉంటాయి. గుడ్డ మీద చిమ్ముకుని, ఎవరికీ కనపడని మూల ముందు రుద్ది, రంగు దిగడం లేదంటేనే ముందుకెళ్లాలి. వెంటనే పొడిగుడ్డతో ఆరతుడవాలి. ఆఖర్న ఎండ కిరణాలను ఆపే మందు పల్చగా పట్టించాలి. అదీ మెరవనిది. డబ్బులు పోసి మెరవని పాలిష్ కొనే కాలం వచ్చింది, చూశారా? కరోనా రోజుల్లో నేను చేతికందినవన్నీ తుడిచిన శానిటైజర్ మాత్రం దాని ఛాయలకు రాకూడదట. అందులోని ఆల్కహాల్ ఆ పూతను తినేస్తుందట.

ఇక దేవుడి సంగతి. కారు కొన్న రోజునే ఎడమ పక్కన నడిమధ్య వెంకటేశ్వరస్వామిని రెండు వైపులా జిగురున్న టేపుతో నేనే ప్రతిష్ఠించాను. వాడు తీసేశాడు. ఇదేం నాస్తికత్వంరా అంటే, దాని కిందే ఎయిర్‌బ్యాగ్ ఉంది, అది విచ్చుకుంటే స్వామివారు నేరుగా నీ మొహం మీదకొస్తారన్నాడు. దేవుడు ఎదురుపడాలని మేమూ కోరుకుంటాం గానీ, మరీ అంత వేగంగా కాదు. స్వామిని ఊడదీస్తే టేపుతోపాటు గోరంత పూత లేచొచ్చింది. ఆ మచ్చ నా ఖాతాలోనే ఉంది. దసరా పూజలో నేను పెట్టిన పసుపు మరక మాత్రం ఏ మందూ లేకుండా నాలుగు ఎండలకే వెలిసిపోయింది. అదీ నా ఖాతాలోనే వెయ్యమన్నాను.

ఎండంటే గుర్తొచ్చింది. 2018లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అరిజోనాలో పరిశోధకులు కార్లను గంటసేపు ఎండలో పెట్టి కొలిస్తే డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు వేడెక్కిందట. వాడు ఫోన్లో చూపించి నన్ను ఆశ్చర్యపొమ్మన్నాడు. మా నాయనమ్మది రెంటచింతల. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఆవిడ కొలబద్ద లేకుండానే చెప్పింది. రోలు పగిలే ఎండకి రెక్సిన్ ఒక లెక్కా? ఈ సంగతి నాకు స్వానుభవం కూడా. మీకింతవరకు చెప్పలేదు గానీ, పక్కింటాయన అంబాసిడర్‌ని చూసి కుళ్లుకుని నా ఫియట్ రేకు మీద నేనూ ఆటోనగర్లో సీట్లు కుట్టే అతని చేత రెక్సిన్ అతికించుకున్నాను. రెండో వేసవికి జిగురు వదిలి, నూనెలో వేసిన అప్పడంలా పొంగింది. దాని మీద తువ్వాలు కప్పుకుని రెండేళ్లు తిరిగాను. రేకే గొప్పదని నాకు తెలిసింది ఆ తువ్వాలు కిందే.

అందుకే చెప్తున్నాను, మీ మూడు సీసాలూ కలిసి చెయ్యలేని పని ఒక్క నీడ చేస్తుంది. వాడూ ఒప్పుకున్నాడు. ఎన్ని మందులు పూసినా కారును నీడన పెట్టడం, లేదంటే ముందద్దానికి అట్ట అడ్డం పెట్టడం ముఖ్యమన్నాడు. ఆ వెండి రంగు అట్టకీ డబ్బులే! మా రోజుల్లో అట్టెందుకు? ఇంటి ముందు ఇంత వేపచెట్టు ఉండేది. ఫియట్ దాని కిందే పడుకునేది. ఉగాదికి పూత రాలి బానెట్ మీద ముగ్గేసినట్టుండేది. కాకులు కూడా ముగ్గేసేవనుకోండి, అది వేరే సంగతి. మీ తరానికి చెట్టు విలువ తెలీదు, నీడను కూడా మడతపెట్టి డిక్కీలో దాచుకునే తరం మీది అని గట్టిగానే అందుకున్నాను.

వాడు చేతిలో పని ఆపి, కారు నిలబెట్టిన చోటునీ దాని పైన మేం వేసిన అద్దె వాటానీ ఎగాదిగా చూశాడు.

"మరి ఆ చెట్టు ఏమైంది తాతయ్యా?"

వాటా కట్టిన ఏడు వాడు బడికి పోయేవాడు. చెట్టు కొట్టడానికి వచ్చిన వాళ్లతో కూలి బేరమాడింది నేనే. మొద్దులు అమ్మిన డబ్బుతో వాడికి సైకిల్ కొన్నట్టు కూడా గుర్తు.

"ప్రశ్నలు తర్వాత. కుట్టు దగ్గర దుమ్ము అలాగే ఉంది, కళ్లు కనపడవా? ఆ కుంచె ఇలా ఇవ్వు."