ప్రింట్ స్పూలర్ గారికి కృత్తివెన్ను నుంచి బహిరంగ లేఖ

శ్రీయుత ప్రింట్ స్పూలర్ గారి దివ్యసముఖమునకు,
ప్రింటర్స్ గది, స్పూల్ కాంపౌండు, సిస్టం32 వీధి, విండోస్ గ్రామం, సీ డ్రైవు.

విషయం: మా ఇంట్లో లక్షణంగా ఉన్న ప్రింటర్‌ని తమరు ఆఫ్‌లైన్ అని రాసేయడం గురించి.

అయ్యా,

కృష్ణా జిల్లా కృత్తివెన్నులో ఉంటున్న, తపాలా శాఖలో రిటైరైన ఒక పింఛనుదారుడు చేసుకుంటున్న మనవి. ప్రింటుకి వెళ్ళే ఫైళ్ళని వరసలో నిలబెట్టే తమరు కాపురం ఉండేది నా కంప్యూటర్లోనే అయినా ఎదురుపడి చెప్పుకునే వీలు లేదు. అందుకని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నవంబరు వచ్చిందంటే మా బోటి కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. 2014 నవంబరులో దీనికి జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. 2021 నుంచి వేలిముద్రతో కూడా పని లేదు, ఫోనుకి మొహం చూపించి రెప్ప ఆర్పితే చాలు. ఆర్పాను. నేనున్నానని భారత ప్రభుత్వం మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఆ పత్రం కాపీ ఒకటి తీసి ఫైల్లో పెట్టుకుందామని ప్రింట్ నొక్కాను. కాయితాలు నింపుకుని, లైటు వేసుకుని, నా మోచేతి పక్కనే కూర్చున్న ప్రింటర్‌ని పట్టుకుని తమరు ఆఫ్‌లైన్ అన్నారు.

విచారణ లేకుండా ఇచ్చిన తీర్పు ఇది. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు మా ఊరి కరెంటు సంగతి చెప్పాలి.

216 జాతీయ రహదారి దిగి ఏ పక్కకి వెళ్ళినా ఇక్కడ రొయ్యల చెరువులే. రాత్రిపూట కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయిందంటే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. అందుకే కరెంటు పోయిన మరుక్షణం గట్ల మీద టార్చిలైట్లు పరుగులు తీస్తాయి, ఈ చెరువు మీద ఒక జనరేటర్, ఆ చెరువు మీద ఇంకొకటి డుబడుబమంటూ అందుకుంటాయి. ఊరు ఊరంతా లేస్తుంది గానీ ఇంట్లో రౌటర్ కోసం మాత్రం ఎవరూ లేవరు. కరెంటు వచ్చాక అదే లేస్తుంది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నెంబరు ఇవ్వడం రౌటర్ పని. 1993లో వచ్చిన డీహెచ్‌సీపీ అనే పద్ధతి ప్రకారం ఆ నెంబరు ఎవరికీ సొంతం కాదు, కౌలుకి ఇచ్చేదే. మామూలు ఇళ్ళల్లో ఉండే చిన్న రౌటర్లు చాలావరకు ఎవరికి ఏది ఇచ్చామో రాసుకున్న చిట్టాని తాత్కాలిక మెమరీలోనే పెట్టుకుంటాయి. కరెంటు పోతే చిట్టా పోయింది. తిరిగి లేచాక కొత్తగా పంపకం. అప్పుడు ఫోన్లు బ్యాటరీ మీద మేలుకునే ఉంటాయి కాబట్టి ముందు అవి వచ్చి చెయ్యి చాస్తాయి. ప్రింటర్ గురగురలాడి, ఇంకు బండిని అటూ ఇటూ తిప్పుకుని, నింపాదిగా వస్తుంది. అప్పటికి దాని పాత నెంబరు మా కోడలి ఫోనుకి వెళ్ళిపోయింది.

తమరి రికార్డులో మా ప్రింటర్ చిరునామా 192.168.1.4. అంటే ఆవేళ తమరు నా జీవన ప్రమాణ పత్రాన్ని అచ్చు వేసి పెట్టమని మా కోడలి ఫోనుని అడుగుతున్నారన్నమాట. అది పలకలేదు. పాపం అదేం పలుకుతుంది?

ఇది నా ఊహ కాదండీ, ప్రింటర్ చేతే రాతపూర్వకంగా వాంగ్మూలం తీసుకున్నాను. దాని నెత్తి మీద ఉన్న బటన్లు రెండు కలిపి నొక్కి పట్టుకుంటే, కంప్యూటర్‌తో నిమిత్తం లేకుండా తన వివరాలన్నీ తానే ఒక కాయితం మీద అచ్చు వేసి ఇస్తుంది. వైఫై పేరు, కనెక్ట్ అయిందన్న మాట, దాని కింద కొత్త చిరునామా 192.168.1.7. ఇంకు ఆరకముందే ఆ నెంబరు తీసుకెళ్ళి బ్రౌజర్లో కొట్టాను. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంది, ఏ రంగు ఎంత మిగిలిందో కూడా చూపించింది. పక్క కిటికీలో తమరి బోర్డు మాత్రం ఆఫ్‌లైన్ అనే చెబుతోంది. ప్రభుత్వం నా రెప్పపాటు చూసి నమ్మింది. తమరు అచ్చయిన కాయితం చూసి కూడా నమ్మలేదు.

నా ఉద్యోగమంతా బట్వాడాతోనే గడిచింది. చిరునామాలో మనిషి లేకపోతే పోస్ట్‌మ్యాన్ పక్కింటి వాళ్ళని అడుగుతాడు, కిళ్ళీ కొట్టు దగ్గర అడుగుతాడు. మాట్లం నుంచి లక్ష్మీపురం మారిపోయారని తెలిస్తే ఆ సంగతి కవరు మీద రాసి అక్కడికి పంపిస్తాడు. అప్పటికీ దొరక్కపోతేనే వాపసు. వాపసు చేసేటప్పుడు కూడా ఎందుకో రాయాలి: ఇల్లు మారారు, తాళం వేసి ఉంది, తీసుకోనన్నారు, చనిపోయారు. ఈ నాలుగింటికీ కలిపి "లేరు" అని ఒకే ముద్ర కొట్టి పంపితే సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టర్ ఊరుకునేవారు కాదు. తమరి దగ్గర ఉన్నది ఆ ఒక్క ముద్రే.

న్యాయంగా చెప్పాలంటే తప్పు పూర్తిగా తమరిది కాదు. తమరి కింద పోర్ట్ మానిటర్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. ఫైలు పంపడానికి ప్రింటర్ ఇంటికి 9100 నెంబరు గుమ్మం ఉంది. ఈ గుమాస్తా మాత్రం ముందు 161 నెంబరు గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఎస్ఎన్ఎంపీ భాషలో "కులాసానా?" అని అడుగుతాడు. అక్కడ జవాబు రాకపోతే, 9100 గుమ్మం బార్లా తెరిచి ఉన్నా సరే, ఆఫ్‌లైన్ అని రాసుకుని వచ్చేస్తాడు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, అందులో కాన్ఫిగర్ పోర్ట్ అనే చోట "ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్" అన్న టిక్కు తీసేస్తే ఈ కుశలప్రశ్న ఆగిపోయి చాలా ఇళ్ళల్లో ప్రింటర్లు లేచి కూర్చుంటాయి. ఆ టిక్కు అన్ని తలుపులు దాటి లోపలెక్కడో దాచారు. సామాన్యుడికి ఆ గుమాస్తా ఉన్నాడనే తెలియదు.

అందుకే జనం తోచిన వైద్యం చేసుకుంటున్నారు. మా వీధిలో కంప్యూటర్ తెలిసిన కుర్రాడు వచ్చి "తీసేసి మళ్ళీ యాడ్ చేద్దాం తాతయ్యా" అన్నాడు. కొత్తగా యాడ్ చేశాడు గానీ పాతది పోలేదు. దాంతో తమరి లిస్టులో ఒకే ప్రింటర్ రెండు పేర్లతో వెలిసింది, రెండోదాని పక్కన "కాపీ 1" అని. కొత్తది పనిచేసింది, డిఫాల్ట్‌గా ఉన్నది మాత్రం పాతది. నొక్కినవన్నీ చచ్చిన పేరు మీదకే పోయి క్యూలో నిలబడ్డాయి. వాటిని తీసేయబోతే "డిలీటింగ్" అంటూ ఆ మాట మీదే తమరు ధ్యానంలోకి వెళ్ళిపోయారు. చివరికి సర్వీసెస్‌లోకి వెళ్ళి తమరిని ఆపి, ప్రింటర్స్ గదిలో పేరుకున్న ఫైళ్ళన్నీ ఊడ్చి, మళ్ళీ తమరిని కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" అన్న టిక్కు పొరపాటున పడితే ఏమవుతుందో, 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఇంకోటి తెలియని ప్రింటర్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు మీద వెతికించేవాళ్ళ పాట్లు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

తమరిని ఆపడం నేను కొత్తగా చేసిన సాహసం కాదు లెండి. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని తమరిలో ఒక భద్రతా లోపం బయటపడ్డప్పుడు, ప్రింటు అవసరం లేని సర్వర్లలో తమరిని ఆపి ఉంచమని అమెరికా సైబర్ భద్రతా సంస్థే చెప్పింది. అంతకుముందు 2010లో ఇరాన్ అణుకేంద్రం గొడవలో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ పురుగు పాకిన దారుల్లో తమరి గుమ్మం కూడా ఒకటి. బయటివాళ్ళు అలా జొరబడుతుంటే పట్టుకోలేని తమరు ఇంట్లో ఉన్న ప్రింటర్ని మాత్రం గుర్తుపట్టనంటారు.

ప్రింటర్ ఎందుకు ఆగిందో చెప్పకపోతే మనుషులకి ఎంత కోపం వస్తుందో తమరి పెద్దలకి 1980 ప్రాంతంలోనే తెలిసి ఉండాలి. అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పాత ప్రింటర్లో కాయితం ఇరుక్కుంటే, క్యూలో ఉన్నవాళ్ళందరికీ కబురు వెళ్ళేలా ప్రోగ్రాం రాశాడు. కొత్త జిరాక్స్ ప్రింటర్ వచ్చాక దాని సోర్స్ కోడ్ ఇవ్వనన్నారు, ఆ కబురు ఆగిపోయింది. ఆ మనిషి 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపాడు. ఆయన మొదట అడిగింది నేనడుగుతున్నదే. ఆగితే ఆగింది, ఎందుకో చెప్పండి.

అచ్చు అంటే మాకేమీ కొత్త కాదు. 1902లో కృష్ణా పత్రిక పుట్టిన బందరు మాకు పెద్ద దూరమేం కాదు. తమరి నుంచి కోరేది కూడా పెద్ద వరాలేం కాదు. బోర్డు మీద ఆఫ్‌లైన్ అని కాకుండా "192.168.1.4 దగ్గర అడిగితే జవాబు రాలేదు" అని రాయండి. అది చదివితే మా కుర్రాడు కూడా అర నిమిషంలో సంగతి పట్టేస్తాడు. మనిషి కొత్త చిరునామా ఇస్తే "కాపీ 1" పుట్టించకుండా పాత పేరు కిందే దిద్దుకోండి. ప్రింటర్ దొరకనప్పుడు నొక్కిన నొక్కులన్నీ దాచిపెట్టి, దొరికాక ఒక్కసారిగా కక్కించకండి. ఒకే పత్రం కట్టలు కట్టలుగా వస్తుంటే, అసలే ఉప్పుగాలికి మెత్తబడి చుట్టుకుపోయే కాయితం, ఇరుక్కోక ఏం చేస్తుంది?

నా మటుకు నేను ఏర్పాటు చేసుకున్నాను. రౌటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్, అంటే దాని పుట్టు నెంబరు రాసి, దాని పక్కన 192.168.1.50 అని కేటాయించాను. కంప్యూటర్లో టీసీపీ ఐపీ పోర్టు ఒకటి తెరిచి అదే నెంబరు ఇచ్చాను. ఆ తరవాత కూడా రాత్రుళ్ళు కరెంటు పోతోంది, గట్ల మీద జనరేటర్లు మోగుతున్నాయి, తెల్లారి ప్రింటర్ 50లోనే ఉంటోంది. ఈ వెసులుబాటు తెలియక బల్లమీది ప్రింటర్‌ని వదిలి, ఆధార్ కాపీకీ అడంగల్‌కీ బజారుకి పోయేవాళ్ళ తరపున ఈ అర్జీ.

జత: ప్రింటర్ స్వయంగా ఇచ్చిన కాన్ఫిగరేషన్ కాయితం, ఒకటి.

జవాబు దయచేయదలిస్తే పోస్టులో పంపండి. కృత్తివెన్నులో మేం ఇల్లు మారినా పోస్ట్‌మ్యాన్ కనుక్కుంటాడు.

ఇట్లు,
తమరి క్యూలో చిరకాలంగా నిలబడ్డ
ఒక వినియోగదారుడు