కిట్టు వేసేద్దాం బాబాయ్!

మా రోజుల్లో జీపు క్లచ్ అయిపోయిందంటే ఆ కబురు ముందు డ్రైవరు కాలికి అందేది. లంబసింగి ఘాట్‌లో ఇంజను గోలపెడుతుంది, బండి మాత్రం కదలదు, మాడు వాసన గుప్పుమంటుంది. అనుమానం తీర్చుకోవడానికి హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరులో పెట్టి, క్లచ్ వదిలేవాళ్లం. ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగలేదంటే ప్లేటు జారుతున్నట్టే. ఇప్పుడో, డాష్‌బోర్డులో దీపం వెలగలేదు కాబట్టి బండి భేషంటారు. 2020లో వచ్చిన థార్‌కి క్లచ్ పెడలే లేని ఆటోమేటిక్ కూడా ఇచ్చారు. కొండెక్కే బండిలో ఎడమకాలికి పని లేకపోవడమేమిటో నాకు మింగుడుపడదు.

మొన్న మా అన్న కొడుకు పాత ఎంఎం 540 కొన్నాడు. ప్యూజో డీజిలు ఇంజనుది. ఎత్తుకి తిప్పితే చాలు, జారుతోంది. ఇంటిదగ్గరే గేర్ బాక్సు దించుదామంటే ఫోనులో ఏదో వీడియో చూపించి, "లిఫ్టు లేకుండా కుదరదట బాబాయ్" అన్నాడు. ఒరే, లిఫ్టులుండే ఊళ్లు చూసుకుని పుట్టిందట్రా జీపు?

చక్రాలకి రాళ్లు వేసి, బ్యాటరీ వైరు తీసి, నడుమ ఫ్లోరు రేకు విప్పేస్తే పైనుంచే పనంతా కనబడుతుంది. తలుపుల్లేని బండి కదా, ఈ పక్కనుంచి ఆ పక్కకి సరుగుడు బాదు అడ్డం పెట్టి, మోకుతో గేర్ బాక్సుని వేలాడదీయవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు దానితోనే దిగుతుంది, ఒక్కడివల్ల అయ్యే బరువు కాదు. షెడ్డు కుర్రాళ్లు దాన్ని గుండెల మీదకి దించుకునేవారు, ఆ మొండితనం నేనెప్పుడూ మెచ్చుకోలేదు. క్రాస్ మెంబరు విప్పకముందే ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్టుల జాయింట్ల మీద సుద్దతో గుర్తు గీసుకుంటే మళ్లీ ఉన్నది ఉన్నట్టు బిగుస్తాయి.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురువి కాస్త కాస్త వదులు చేసుకుంటూ విప్పాలి. మావాడు ఒకేదాన్ని పూర్తిగా లాగేయబోయాడు. కవరు వంకర పోతుందంటే వింటాడా! ప్లేటు బయటికొచ్చింది. లైనింగు అరిగి, రివిట్ల తలలు ఫ్లైవీలుని గీరేశాయి. "కిట్టు వేసేద్దాం" అన్నాడు వెంటనే. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు అన్నీ ఒకే అట్టపెట్టెలో వస్తాయట. మా రోజుల్లో పాత ప్లేటుకే కొత్త లైనింగు రివిట్లు కొట్టించి, నడుమ స్ప్రింగులు ఊపి చూసి, మళ్లీ ఎక్కించేవాళ్లం. సరే, మళ్లీ ఇంత బరువు దించడం ఎవడివల్ల అవుతుంది గనక, కిట్టు వేయమనే అన్నాను. ఆ పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును నోటితో ఊదేవాళ్లు మా మేస్త్రీలు. అదొక్కటీ ఈ కాలం వాళ్లు చేయకపోవడమే మంచిది. తడిగుడ్డతో తుడవాలి.

అయితే ప్లేటు ఎందుకు పోయిందో చూడొద్దూ? హౌసింగు అడుగున జిడ్డుంది. వేలితో తీసి వాసన చూడమన్నాను. గేర్ ఆయిలుకి గంధకం కంపు ఉంటుంది, దాచినా దాగదు. ఇది నల్లటి ఇంజనాయిలు. అంటే క్రాంకు వెనక సీలు కారుతోంది. సీలు మార్చకుండా ఎంత ఖరీదు కిట్టు వేసినా కొత్త ప్లేటు నూనెలో తడిసి మళ్లీ జారుతుంది. ఆ అట్టపెట్టెలో అన్నీ ఉన్నాయి గానీ ఈ సీలు లేదు! ఫ్లైవీలుని లేతు మీద ఫేసింగు చేయించడానికి పంపి, వాడిచేతే సీలు తెప్పించాను.

ప్లేటు నడిమికి కూర్చోవడానికి ఇప్పుడు ప్లాస్టిక్ పుల్ల ఇస్తున్నారు, బరువుకి వంగుతుంది. మా మేస్త్రీ దగ్గర పాత గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ఉండేది. అది దూర్చి బోల్టులు బిగిస్తే గేర్ బాక్సు దానంతటదే లోపలికి పోయేది. పోకపోతే బోల్టులతో లాగకూడదు, హౌసింగు చెవి విరుగుతుంది. షాఫ్టుని కాస్త తిప్పి చూడాలి. ఓపికుండాలి మరి.

అంతా అయ్యాక పెడల్‌కి అంగుళం ఆట పెట్టించాను. బండి అందుకుంది, ఘాట్ కూడా ఎక్కింది. దారిపొడుగునా వీడి ఎడమకాలు పెడల్ మీదే! అలా అయితే రిలీజ్ బేరింగు ఎన్నాళ్లుంటుందిరా అంటే, "పక్కన కాలు పెట్టుకోడానికి చోటేది బాబాయ్" అంటాడు. ఫోను స్టాండుకి మాత్రం డాష్‌బోర్డు మీద చోటు దొరికింది.