కుళాయి సూత్రమునకు తడిసిన టీక

మూలము: “కుళాయి కారుతోందా? వాషర్ మార్చుకోవడమే కదండీ, ఐదు నిమిషాల పని. ఎవరైనా చేసుకోవచ్చు.”

అవతారిక: ఈ సూత్రమునకు కర్త ఎవరో తెలియదు. పక్క ఫ్లాటు రిటైర్డు ఇంజనీరు గారి నోట, వీడియోలో నవ్వుచు పానా తిప్పు కుర్రవాని నోట, అల్లుడిని ఎగాదిగా చూచు మామగారి నోట ఒక్క అక్షరము మారక వినబడుచున్నది గనుక అపౌరుషేయమని మా నిర్ణయము. మూలములో లేనిది వ్రాయనని మల్లినాథసూరి ప్రతిన పట్టెను. మాకా ప్రతిన కుదరదు. ఈ మూలములో ఏమియు లేదు.

వాషర్: సుగమము.

కుళాయి: నీరు విడుచు సాధనము. దీనిని కుళ్లాయితో పొరబడరాదు. అది తలకు పెట్టుకొనునది. కర్ణాట రాజసభలో దానిని ధరింపవలసి వచ్చెనని శ్రీనాథుడు వాపోయిన చాటువు ప్రసిద్ధము. ఇదియో, విప్పిన పిమ్మట తలకు చుట్టుకొనునది. “నల్లా” అని తెలంగాణ పాఠము.

నల్లా అన్న శబ్దము చెవిన పడగా నలుని తలపక సాగుట అపచారము. దమయంతి మగడు కాడు. అతడు వంటలో దిట్ట, మన పనికి రాడు. వానరుడగు నలుడు, విశ్వకర్మ కొడుకు. వాల్మీకి రామాయణమున సముద్రుడే వచ్చి చెప్పువరకు ఇతడు తన నేర్పు సంగతి పైకి అనలేదు. అడుగనిదే నా గొప్ప నేనెట్లు చెప్పుకొందునన్నాడు. (అడుగకయే చెప్పువారు మా అపార్టుమెంటులో పదునొకండుగురు.) ఇక సేతువు లెక్క చూడుడు: తొలినాడు 14 యోజనములు, మరునాడు 20, ఆపై 21, 22, 23. వెరసి 100. విశ్వకర్మ కొడుకుకే మొదటి రోజు చేయి తిరుగలేదని దీని మర్మము. రెండవనాటికి ఒక్కసారి ఆరు యోజనములు పెరిగినవి, అటుపిమ్మట రోజుకొక్కటే. నేర్చుకొనుట ఎక్కడైనను ఇట్లే ఉండును. వంతెన వంకర పోకుండ కొందరు వానరులు సూత్రము పట్టిరి. వారు పట్టిన సూత్రము తాడు, మాకిచ్చిన సూత్రము మాట. పైగా, “ఐదు నిమిషాల పని” అని అక్కడ ఏ కోతియు అనలేదు.

ఎక్కడ ఉంటిమి? కుళాయి.

ఐదు నిమిషాల: ఇట షష్ఠి ఎవరి సొత్తును చెప్పుచున్నదని శంక. నిమిషములు చెప్పువానివి, పని వినువానిది అని సమాధానము. నిమిషమనగా రెప్పపాటు. దేవతలు అనిమిషులు, వారి లెక్కన ఈ పనికి కాలమే పట్టదు. వీడియో కుర్రవానియందు దేవతాంశ కలదు.

మార్చుకోవడమే: ఏవకారము చేత ఇంకేమియు అక్కరలేదని తేలుచున్నది. ఆ ధైర్యముతో పానా బిగించి, బోరు నీటి ఉప్పు పేరుకొని కదలని నట్టును రెండు చేతులా తిప్పగా

(ఇచట గ్రంథపాతము. కాగితము తడిసినది.)

అయ్యా, ముందు వాల్వ్ కట్టెయ్యాలని ఒక్క ముక్క చెప్పకూడదా? డాబా మీద ఎనిమిది వాల్వులున్నాయి, ఏ ఒక్కదాని మీదా పేరు లేదు. మూడు ఇళ్లకు నీళ్లాపాక గానీ మాది దొరకలేదు. కష్టమైన చోట “స్పష్టము” అని దాటేసి, తేలికైన పదాలకు పేజీలు నింపే వ్యాఖ్యాతలను భోజుడు యోగసూత్రాల వృత్తిలో ఏనాడో ఎండగట్టాడు. వాళ్లంతా ఇప్పుడు వీడియోలు తీస్తున్నారు.

వాషర్ (పునర్విచారము): సుగమమంటిమి, పదమే సుగమము, వస్తువు లేదు. పావు తిప్పుతో తెరచుకొను కొత్తరకం కుళాయిలలో వాషర్ ఉండదు. రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిపై ఒకటి జరుగుచుండును. మాది ఆ జాతి. దుకాణదారు “కార్ట్రిడ్జా సార్? పాతది తెచ్చారా?” అనెను. తేలేదు. మరల నాలుగంతస్తులు.

తెల్ల టేపు: మూలములో లేదు. కుళాయిని పూర్తిగా ఊడబెరికినవారికే అవసరము, మేము ఊడబెరికితిమి. టెఫ్లానును 1938లో రాయ్ ప్లంకెట్ వేరొకటి చేయబోయి కనుగొనెను. అట్లు పొరపాటున పుట్టినదానిని మేము పొరపాటుగనే చుట్టితిమి. మరచుట్టు కొన మనవైపు ఉండగా గడియారపు ముల్లు తిరుగు వైపే చుట్టవలెనట. ఎదురు చుట్టిన, బిగించునప్పుడు ఊడివచ్చును.

ఎవరైనా: చేతకానివాడు ఈ పదములో చేరడు. చేయలేకపోతే మనం “ఎవరైనా”లో కూడా లేమన్నమాట. రెండు గంటలు తడిసినందుకు కాదు, ఈ ఒక్క పదానికే నాకు కోపం.

చివరకు ప్లంబరు వచ్చెను. ఎంతసేపు పట్టునని అడిగితిని. “విప్పితే గానీ తెలీదండి” అనెను. నేరుగా డాబా ఎక్కి మా వాల్వు కట్టివచ్చి, పాతది చూచి, కొత్తది బిగించి, మూడువందలు పుచ్చుకొని పోయెను. గుమ్మమున నిలిచి చూచుచున్న ఇంజనీరు గారు “ఐదు నిమిషాల పనికి మూడొందలా!” అనిరి.

“మీ ఇంటి వాల్వు ఏదండీ?” అని అడిగాను.

“అది మా వాచ్‌మన్‌కు తెలుసు” అన్నారు.