పని తీరిన అవయవము

షడ్దర్శనములను మనకొసగిపోయిన పూర్వులు సప్తమ దర్శనమునకు తావుంచలేదని విచారించు పండితులెవరైన నున్నచో, వారొక్కమారు తెలుగునాట ఏ తాలూకా పట్టణమునకైనను పోయి, బస్‌స్టాండు కెదురుగా మందుల దుకాణముపై మేడమీద వెలసిన నర్సింగుహోములో ఒక పూట కూర్చుండి రావలయునని నా మనవి. అక్కడ సూత్రకారుని పేరు లేక, భాష్యకారుని ఊరు లేక, కేవలము గురుశిష్య పారంపర్యము చేతనే వర్ధిల్లుచున్న యొక మహాసిద్ధాంతము వారి చెవిని పడును. దాని సూత్రము ఒక్కటియే: "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకా గర్భసంచి దేనికి? తీయించేసుకో." బాదరాయణుడు 555 సూత్రములు వ్రాసియు సాధింపజాలని నిస్సంశయత్వమును ఈ యజ్ఞాతమహర్షి రెండు ముక్కలలో సాధించెను.

సిద్ధాంతము వాక్కుతో నిలిచిపోలేదు. ఆచరణలో మనలను దేశమునకే తలమానికముగా నిలిపినది. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. రాష్ట్రము రెండైన పిమ్మట నదీజలముల తగవు తేలలేదు, ఆస్తుల పంపకము తేలలేదు. ఈ యొక్క విషయమున మాత్రము ఉభయులును చేయి చేయి పట్టుకొని దేశమున మొదటి రెండు స్థానముల నలంకరించిరి. 2019–21 నాటి సర్వేలోను ఆ కీర్తికి లోటు రాలేదు. ఆపరేషను నాటికి స్త్రీకి గల మధ్యస్థ వయస్సు, దేశమున, సుమారు 34 ఏండ్లు. సర్వే 49 ఏండ్ల దగ్గర ఆగినది గనుక ఆ యంకె కొంత తగ్గి కనబడుచున్నదన్న మాట నిజమే. అయినను మన దేశపు స్త్రీకి ముట్లు సహజముగా ఉడుగు వయస్సు 46, 47 ప్రాంతమని తెలిసినవారికి ఇందలి తొందర బోధపడకపోదు. ప్రకృతి పదేండ్ల పిమ్మట తీరికగా, తన పద్ధతిని, పైసా పుచ్చుకొనక చేయదలచిన పనిని, మనవారు మధ్యాహ్న భోజనమునకు ముందే, అప్పు చేయించి మరీ, ముగించుచున్నారు.

ఈ దర్శనమునకు క్షేత్రము ముందే సిద్ధమై యుండును. పదునెనిమిదింట పెండ్లి, ఇరువదిమూడింటికి ఇద్దరు బిడ్డలు, రెండవ కాన్పుతోనే కుటుంబ నియంత్రణాపరేషను. ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి డెబ్బదిమంది ఆ ఆపరేషను చేయించుకొన్నవారే. పురుషులలో నూటికి ఒక్కడైనను లేడు. వారికి పొలము పనులుండును గదా, స్త్రీలకేమి పని! అంతట ఇరువదియైదేండ్లు నిండకమునుపే గర్భాశయము నిరుద్యోగియగుచున్నది. నిరుద్యోగిని ఇంట నుంచుకొనరాదన్నదే ఈ శాస్త్రపు నీతి. సరే, నీతి యన్న తరువాత అందరకును వర్తింపవలయును. రెండవ బిడ్డ బారసాల నాడే తండ్రిగారి సంతానోపకరణములు కూడ పని తీరినవే యగును. అరువదియేండ్లు దాటిన పిమ్మట వాచి, రాత్రికి నాలుగు మార్లు నిద్ర లేపి, ఒక్కొక్కప్పుడు క్యాన్సరు కూడ తెచ్చిపెట్టు ప్రోస్టేటు గ్రంథిని, ముందుజాగ్రత్తగా ముప్పదినాలుగవ యేటనే తీయించుకొమ్మని ఏ ఆరెంపీ డాక్టరైనను ఏ రైతుతోనైనను చెప్పినట్లు ఇంతవరకు నేను వినలేదు. చెప్పిన యెడల ఆ ఆరెంపీ మరుసటి దినమున ఏ ఊరిలో కాపురముండునో ఊహింపవచ్చును.

నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దమని నాలుగు ప్రమాణములను చెప్పిరి. మన దర్శనము నాల్గింటిని అంగీకరించును. ప్రత్యక్షమనగా స్కానింగు. చీకటి గది, పొట్టపై చల్లని జిగురు, తెరమీద బూడిదరంగు మబ్బులు. అయిదు నిమిషములలో ఆమె చేతికొక పాలిథిన్ కవరు వచ్చును. ఆ కవరును రొమ్మున కదుముకొని, లోనున్నది ఆంగ్లమో అరబ్బీయో యెరుగక, ఆమె బల్ల ముందు నిలుచుండగా, కవరు విప్పక మునుపే తీర్పు వెలువడును. "గర్భసంచి వాచిందమ్మా" అని కోస్తాలో, "గర్భసంచి ఖరాబైందక్కా" అని తెలంగాణములో. మరికొంత వివరము కోరినచో "గడ్డలున్నాయి", "పుండు పడింది" అను శబ్దములు వినవచ్చును. ఆ గడ్డలు ఏబదియేండ్లు వచ్చుసరికి స్త్రీలలో మిక్కిలి పెక్కుమందికి ఉండునవేననియు, వానిలో అధికభాగము ఏ బాధయు పెట్టక పడియుండి, ముట్లుడిగిన పిమ్మట తమంత తామే కుంచించుకొనిపోవుననియు, అవి క్యాన్సరుగా మారుట మిక్కిలి అరుదనియు ఆ కవరులో వ్రాసి యుండదు. పుండని వారు బెదరించునది వయస్సులోనున్న స్త్రీల గర్భాశయముఖమున అనేకులకు సహజముగా కనబడు ఎఱ్ఱదనమే తరచుగా నగుచుండును. తెల్లబట్ట మాత్రమే యైయుండి, వారము దినముల మాత్రలతో పోవలసినదానికి అవయవమునే దక్షిణగా సమర్పించుకొన్న ఇల్లాండ్రు మన గ్రామములలో ఇంటింటను కలరు.

అనుమానము సంగతి చెప్పవలసినది స్వల్పము. "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అనునదే అది. వీరు భయపెట్టు గర్భాశయముఖ క్యాన్సరును ముందుగా పసిగట్టుటకు, పలుచని ఎసిటిక్ ఆమ్లము దూదితో తాకించి చూచు పరీక్ష యొకటి కలదు. శిక్షణ పొందిన నర్సమ్మ కొద్ది నిమిషములలో చేయును, ఖర్చు నామమాత్రము. 2019–21 సర్వేలో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో జీవితమున ఒక్కమారైనను ఈ క్యాన్సరు పరీక్ష చేయించుకొన్నవారు, దేశమంతటను, నూటికి ఇద్దరైనను లేరు. పరీక్ష లేకయే శిక్ష పడుచున్నది. ఉపమానము మరింత సులభము: "పక్కింటి వదిన చేయించుకోలేదూ?" ఇక శబ్దప్రమాణము, అనగా ఆప్తవాక్యము, ఊరి ఆరెంపీ డాక్టరుది. అతడు మోటారు సైకిలుపై స్వయముగా పట్టణమునకు తీసికొనిపోయి, చీటీ వ్రాయించి, గది చూపించి, ధర తగ్గించి పెట్టును. ఆ తగ్గించిన ధరలో అతని శాతము చేరియుండునన్న సంగతి ఊరందరకు తెలిసినదే. ఆప్తుడన్న తరువాత ఆ మాత్రము ఆప్యాయత ఉండవలదా?

"స్త్రీలే వచ్చి అడుగుచున్నారు, మేమేమి చేయుదుము?" అని శస్త్రవైద్యులు పూర్వపక్షము చేయుదురు. ఇది వట్టి బుకాయింపు కాదు; అడుగుచున్నమాట సత్యము. ఎందులకడుగుచున్నారో అడిగినవారు లేరు. మిరపచేలలో సూర్యోదయము మొదలు నడుము వంచి పనిచేయుచు, చాటున కూర్చుండుటకొక మరుగైనను లేక, తడిసిన గుడ్డ మార్చుకొనుటకు పొద్దు గ్రుంకువరకు వేచియుండవలసిన ఆడకూలికి, నెలకు పదిదినములు రక్తము పోవుచుండగా, నోములకు పనికిరావనియు, కూలికి రాలేదనియు ఇంటను బయటను మాటలు పడుచుండగా, ఆ సంచి తన దేహమున లేకున్న బాగుండునని తోచుటలో వింత యేమున్నది? ఆ తల్లి కోరునది విశ్రాంతి. సంసారము ఆమెకై డబ్బు వెచ్చించుట కంగీకరించు విశ్రాంతి ఇది యొక్కటే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చియైనను ఆపరేషను చేయింతురు గాని, రక్తహీనతకు ఆరునెలలు ఇనుపమాత్రలు మింగించి, థైరాయిడు పరీక్ష చేయించి, రక్తస్రావము తగ్గించు ట్రానెక్సామిక్ ఆమ్లపు మాత్రలో, హార్మోనుగల లూపో వైద్యునిచే ఇప్పించి, నడుమ నాలుగు దినములు పొలమునకు పోవలదని చెప్పు మగవానిని చూపినచో నేను పాదాభివందనము చేయుదును. మహారాష్ట్రమున బీడు జిల్లా చెఱకుకోత కూలీల కథ ఇంతకంటె నగ్నమైనది. దినము మానినచో మేస్త్రీ జరిమానా వేయునని వేలకొలది స్త్రీలు గర్భసంచి తీయించుకొన్నారని 2019లో దేశమునకు తెలిసివచ్చినది. మనవారు అంత మోటుగా జరిమానా వేయరు. మనది నాగరక దేశము.

కత్తెర పడిన పిమ్మటి కథను ఏ నర్సింగుహోమును చెప్పదు. గర్భసంచితోపాటు అండాశయములను కూడ తీసివేసిరా, ఉంచిరా అని ఆపరేషనైన స్త్రీని అడిగి చూడుడు. "ఏమో, అన్నీ తీశామన్నారు" అనును. డిశ్చార్జి చీటీ ఆంగ్లమున నుండి, పెట్టె అడుగున పెండ్లి శుభలేఖల నడుమ చెద పట్టుచుండును. అండాశయములు రెండును పోయినచో ఆ రాత్రికే ముట్లుడిగిన వయస్సు వచ్చి మీద పడును. ఉంచినను, అవి కొన్ని ఏండ్లు ముందుగానే అలసిపోవునని పరిశోధకులు చెప్పుచున్నారు. అంతట ముప్పదియారేండ్ల ఇల్లాలికి ఒంటిమీద ఆవిరులు, నడిరేయి చెమటలు, నిద్రలేమి, చీకాకు, కీళ్ళనొప్పులు. లోలోపల ఎవ్వరికిని కనబడక ఎముకల బోలుతనము. 45 ఏండ్లలోపు రెండు అండాశయములును పోయినవారికి, వేరొక ప్రతిబంధకము లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సు వరకైనను హార్మోను మందు ఇయ్యవలయుననియు, ఇయ్యకున్నచో గుండెజబ్బు, ఎముకల జబ్బు ముప్పు హెచ్చుననియు స్త్రీవైద్య గ్రంథములు ఘోషించుచున్నవి. ఆమెకు లభించునది ఒక బలపు టానిక్కు, నెల దినముల కాల్షియము, "మనసు గట్టి చేసుకో అమ్మా" అను నుపదేశము. అవయవము తీయుటలో నంతటి ధీరులైనవారు మాత్ర వ్రాయుటలో నింతటి సాధుజంతువు లెట్లగుదురో నాకు బోధపడలేదు.

ఇంతకంటె విచిత్రము మరియొకటి కలదు. ముట్లుడిగి ఏడాది గడచిన పిమ్మట ఒక్క రక్తపు చుక్క కనబడినను, ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పరుగెత్తవలయును. పెక్కుమారులు భయపడవలసినదేమియు తేలదు గాని, గర్భాశయపు లోపొర క్యాన్సరు మొదట పలుకరించునది సాధారణముగా ఈ చుక్కతోనే. ముప్పదినాలుగేండ్ల కోడలిని లేని క్యాన్సరునకు కోయించిన యింటనే, ఏబదియెనిమిదేండ్ల అత్తగారికి ఈ చుక్క కనబడినచో, "వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు" అందురు. ఆమెకు స్కానింగు లేదు, మోటారు సైకిలు లేదు, ఆప్తుడు లేడు. ముసలిదాని గర్భసంచిపై ఎవరికిని బేరము కుదరదు.

ప్రభుత్వములు నిద్రించుచున్నవనుట న్యాయము కాదు; అవి లేచి, ఆవులించి, ఉత్తరువులు వ్రాసినవి. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరోగ్యశ్రీ వెలసి, ఈ శస్త్రచికిత్సకు సర్కారే సొమ్ము చెల్లింపసాగుటతో గర్భాశయములకు గడ్డుకాలము దాపురింపగా, కొంతకాలమునకు దానిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేయవలసి వచ్చినది. ప్రైవేటువారికి పథకపు సొమ్ము ఆగినను అలవాటు పోలేదు. అప్పులవాడు పథకపు స్థానమును భర్తీ చేసెను. బిహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థానములలో జరిగిన అనవసరపు కోతలపై 2013లో దాఖలైన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో తీర్పు చెప్పుచు, కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో వెలువరించిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలు చేయుడని రాష్ట్రములన్నింటిని ఆదేశించినది. జిల్లా స్థాయి వరకు పర్యవేక్షక సంఘము లుండవలయునని వానిలో కలదు. మీ జిల్లా సంఘములో ఎవరెవరున్నారో, ఎప్పుడు కూడిరో, చదువరులు కలెక్టరు కార్యాలయమునకు పోయి యడిగినచో, అడిగినవారిలో మొదటివారు మీరే కావచ్చును.

క్యాన్సరు నిర్ధారణయైనవారికి, మందులకు లొంగని రక్తస్రావముతో కృశించుచున్నవారికి, గర్భసంచి జారి నడువలేనివారికి ఈ ఆపరేషను ప్రాణదానమే. ఆ పని చేయు వైద్యులకు నా నమస్కారము. తక్కినవారిని గూర్చియే నా తగవు. మీ యింట ముప్పదియైదేండ్ల చెల్లెలికో వదినకో వచ్చేవారము ఆపరేషను నిశ్చయమై యున్నచో, అడ్వాన్సు కట్టియున్నను సరే, ఆ పాలిథిన్ కవరు పట్టుకొని ఒక్కమారు జిల్లా ఆసుపత్రిలోని స్త్రీవైద్య విభాగమునకు పోయి రండి. తీయుటకు కారణమేమి, వేరు వైద్యమేల పనికిరాదు, అండాశయములు ఉంచుదురా తీయుదురా అని తెలుగున వ్రాసి ఇమ్మని అడుగుడు. ఆపరేషను నిజముగా వలసినదేయైనచో అక్కడను చేయుదురు.