తూము కాడి బండలు

మూడు కిలోల కాబూలీ శనగలు. రాత్రి నానబోసి, భోగి నాడు పొద్దున్నే కుక్కర్లలో వాయిలు వాయిలుగా ఉడకబెడుతున్నాను. మొయినాబాద్ దాటి లోపలికి పోతే ఒక మామిడితోట, అందులో మూడు రోజులకు అద్దెకు తీసుకున్న ఇల్లు. తోట కనిపెట్టుకుని ఉండే ఆమె వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కడప దగ్గర నిలబడి కాసేపు నన్ను చూసింది.

“గిన్ని శెనగలు దేనికమ్మా?”

“ఫలాఫెల్ అని, లెబనాన్ వాళ్ల వంట. వాళ్ల గారెలు అనుకో.”

“గారెలకు ఉడకవెట్టుడేందమ్మా? బొబ్బర గారెలకు బొబ్బర్లు ఉడకవెడ్తమా? ఉడకవెడితే గుడాలైతయి గని గారెలు గావు.”

“ఇది మన వంట కాదులే. నీకు తెలియదు” అన్నాను.

కసురుకోలేదు, నవ్వుతూనే అన్నాను. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆ నవ్వే నాకు గుచ్చుకుంటుంది. కసిరి ఉంటే ఆమె బదులు చెప్పేదేమో. నవ్వేసరికి తనూ ఒక చిన్న నవ్వు నవ్వి, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నూనె కాగింది. నూరిన శనగల ముద్దలో వెల్లుల్లి, జీలకర్ర, ధనియాల పొడి, గుప్పెళ్ల కొద్దీ కొత్తిమీర కలిపి పెట్టాను. ఆ కొత్తిమీర తెల్లవారుజామున చేవెళ్ల నుంచి తెచ్చింది, వేళ్లకు ఇంకా తడి మట్టి ఉంది. మొదటి ఉండ వేశాను. ఒక్క క్షణం గుండ్రంగా నిలిచింది. అంతలోనే అంచులు విడి, పలుకు పలుకుగా నూనెలో కలిసిపోయి, బాణలి నిండా నురుగు పొంగింది. రెండోది వేశాను, మూడోది వేశాను. శనగపిండి కలిపి వేస్తే పైన మాడింది, లోపల జావ. ఆమె ఎప్పుడొచ్చిందో చూడలేదు. చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది. “నూనె కరాబైతున్నదమ్మా” అంది. ‘నేను ముందే చెప్పిన గదా’ అనలేదు.

మిగిలిన రెండు కిలోల ఉడికిన శనగల్లో ఆమే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు వేసి గుడాలు చేసింది. నేను వాటి మీద నిమ్మకాయ పిండి, కాస్త జీలకర్ర పొడి, ఆలివ్ నూనె చల్లి అరుగు మీద కూర్చున్న తొమ్మిది మందికి పెట్టాను. “దీన్ని లెబనాన్‌లో బలీలా అంటారు” అని చెప్పాను. బలీలా అనే వంట నిజంగానే ఉంది. ఉడికిన శనగల్లో వెల్లుల్లి, జీలకర్ర, నిమ్మరసం, ఆలివ్ నూనె వేసి చేస్తారు. అందరూ రెండోసారి పెట్టించుకున్నారు. మా చెల్లెలు “అక్కా, నీ చేతిలో ఏదో ఉందే” అంది. ఇది చేసింది నేను కాదు అన్న మాట నా నోట రాలేదు.

ఆ రోజు నాకు తెలియనిది, ఆమెకు తెలిసినది ఇదే. పచ్చి గింజలోని పిండి నూనె వేడికి అప్పుడే ఉడుకుతూ ఉండను పట్టి ఉంచుతుంది. ముందే ఉడికిన గింజ నీళ్లు తాగి ఉంటుంది కాబట్టి దానికి ఆ పట్టు పోతుంది. బైరూత్ వీధిలోనైనా, మొయినాబాద్ వంటింట్లోనైనా గింజ గింజే. ఉడకబెట్టాల్సింది హుమ్మస్‌కు. రెండూ శనగలే కదా అని నేను రెంటినీ ఒకటి చేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి శనగపప్పు వడలకు పప్పు నానబెట్టి పచ్చిగా రుబ్బిన చేతులు ఇవి. వంటకు పరాయి పేరు ఉండేసరికి, చేతికి తెలిసినదాన్నే నమ్మలేకపోయాను.

అసలు ఆ వంట మేం మొయినాబాద్‌లో చేయాల్సింది కాదు. 2024లో లెబనాన్ పోదామనుకున్నాం. ఎనిమిది రోజుల ప్రయాణం. పొద్దున అక్కడి ఇళ్లలో వంట నేర్చుకోవడం, మధ్యాహ్నం నుంచి పాత కట్టడాలు చూడటం. జుబైల్, బాల్‌బెక్, అంజర్, సైదా. ఇరవై ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. బాల్‌బెక్‌లో జూపిటర్ గుడి తాలూకు ఆరు స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయని బోర్డు మీద బొమ్మ గీసి చూపించేదాన్ని. ఉద్యోగ విరమణ అయ్యాక ఒక లావుపాటి నోటుబుక్కు కొని దాని నిండా రాసుకున్నాను. ఫత్తూష్‌లో వేసే సుమాక్ పులుపు దేని నుంచి వస్తుందో, మనాఖిష్ మీద చల్లే జాతర్‌లో నువ్వులు ఎందుకు వేస్తారో, ఏ కట్టడం ఏ శతాబ్దానిదో, అన్నీ. అందులో సైదా సముద్రపు కోట బొమ్మ ఒకటి అతికించుకున్నాను. 1228 ప్రాంతంలో క్రూసేడర్లు కట్టిన కోట అది. అంతకు వెయ్యేళ్ల ముందటి రోమన్ స్తంభాలను తెచ్చి, గోడలో అడ్డంగా పెట్టి కట్టారు. గోడ బయటికి ఆ స్తంభాల చివరలు గుండ్రంగా, వరుసగా కనిపిస్తాయి. ఒక కాలపు గుడి రాయి ఇంకో కాలపు గోడలో బతకడాన్ని కళ్లారా చూడాలని, చేత్తో తాకాలని నాకు ఎంత కోరికో చెప్పలేను.

వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేశాను. వీసా వచ్చింది. సెప్టెంబరులో అక్కడ బాంబు దాడులు ముదిరాయి. లెబనాన్ విడిచి వచ్చేయమని బైరూత్‌లోని మన రాయబార కార్యాలయం మనవాళ్లకు చెప్పింది. మా ప్రయాణం ఆగిపోయింది. నవంబరులో బాల్‌బెక్ గుళ్లకు ఆనుకునే బాంబు పడి, ఒట్టోమన్ల కాలం నాటి పాత భవనం ఒకటి కూలింది. అదే నెలలో యునెస్కో లెబనాన్‌లోని 34 చారిత్రక స్థలాలకు ప్రత్యేక రక్షణ ప్రకటించింది. ఆ వార్తలు చదువుతుంటే, మాకు వంట నేర్పుతానని ఒప్పుకున్న ఆ ఇల్లాలు ఎక్కడుందో, ఆ వంటిల్లు ఉందో లేదో అని గుండె పట్టేసేది. టికెట్ డబ్బులు తిరిగి రాలేదన్న మాట ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

సంక్రాంతికి అందరం కలుద్దామంటే మా చెల్లెలే అంది, ఆ వంటలేవో ఇక్కడే చేసుకుందాం, నువ్వు చూపించే చరిత్రేదో ఇక్కడే చూపించు అని. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మమ్మది పరిగి. చిన్నప్పటి నుంచి బీజాపూర్ రోడ్డు మీద, ఆ మర్రిచెట్ల నీడన, చేవెళ్ల మీదుగా ఎన్ని వందల సార్లు పోయానో. ఈ దారి నాకు కొట్టినపిండి అనుకున్నాను.

భోగి సాయంత్రం చిలుకూరు వెళ్లాం. ప్రయాణం సాగకపోయినా వీసా అయితే వచ్చింది కదా, మొక్కు మొక్కే. నూట ఎనిమిది ప్రదక్షిణలు పూర్తి చేశాను. చేతిలో లెక్క కాగితం, అరికాళ్లు మండుతున్నాయి. హుండీ లేని గుడి అని పిల్లలకు చెప్పాను. పండగ రోజు ఉస్మాన్‌సాగర్ కట్ట మీద నిలబెట్టి గంటసేపు చెప్పాను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తడం, తర్వాత విశ్వేశ్వరయ్య రావడం, వరదను ఎగువనే ఆపాలన్న ఆలోచనతో 1920లో ఈ చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ తయారవడం. చెరువుల చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో వల్లే ఇక్కడ ఇన్నాళ్లూ తోటలు తోటలుగా మిగిలాయని కూడా చెప్పాను. బాగా చెప్పాననే అనుకుంటున్నాను. అందులో తప్పేమీ లేదు.

కనుమ నాడు పొద్దున టీలు తాగుతుండగా మా మరిది అడిగాడు, ఇక్కడ ఇంకా పాతవేమైనా ఉన్నాయా వదినా అని. “మొయినాబాద్‌లో ఇంతకంటే ఏముంటుంది? గోల్కొండ పోదాం పదండి” అన్నాను. ఆమె గ్లాసులు ఎత్తుతోంది. ఆగి, నా వైపు తిరిగి అంది.

“మాది ఎన్కెపల్లి అమ్మా, గీడికి దగ్గరనే. మా ఊరి చెర్వు తూము కాడ దేవుని బండలున్నయి. నాలుగు దిక్కుల నలుగురు దేవుళ్లు కూసొని ఉంటరు.”

“ఏ దేవుళ్లు?”

“ఎవలో ఎర్కలే. చేతుల కత్తి లేదు, శంఖం లేదు. మెడల నగలు గూడ లేవు. కండ్లు మూసుకొని కూసుంటరు. ఒకాయనకు నెత్తి మీద పాము పడిగె వట్టింది.”

“నాగదేవత రాళ్లయి ఉంటాయి. ప్రతి చెరువు దగ్గరా ఉంటాయి అవి” అన్నాను. చెప్పులు వేసుకుని కారెక్కాను. మా వాళ్లు పదిసార్లు చూసిన గోల్కొండనే పదకొండోసారి చూసి వచ్చాం.

ఆయుధం లేదు, ఆభరణం లేదు, ధ్యానంలో కూర్చున్నాడు, తల మీద పడగ. పరీక్షలో ఈ నాలుగు ముక్కలు రాసి ‘జైన తీర్థంకరుడు పార్శ్వనాథుడు’ అన్న పిల్లలకు పూర్తి మార్కులు వేసినదాన్ని నేను. ఆమె నాకు ఆ నాలుగూ వరుసగా అప్పజెప్పింది. చదువుకున్న వాళ్లు ఎవరైనా చెప్పి ఉంటే, పుస్తకంలో చదివి ఉంటే, కుర్చీలోంచి లేచేదాన్ని. చేతిలో టీ గ్లాసులున్న మనిషి చెప్పేసరికి నా చెవికి అది ఎక్కలేదు. నా చదువు అంతా ఏమైందని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

రెండు నెలల తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల జైన స్థలాల మీద ఒక వ్యాసం చదువుతున్నాను. పటాన్‌చెరు, కొలనుపాక సరే, తెలిసినవే. ఆ తర్వాతి పేరాలో ఎనికేపల్లి. 2023లో పురావస్తు పరిశోధకులు ఈమని శివనాగిరెడ్డి ఆ ఊరి చెరువు తూము గోడలో రెండు చదరపు స్తంభాలను గుర్తించారు. ఒకటి గ్రానైట్, ఇంకొకటి నల్లరాయి. నాలుగు వైపులా ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు. పైన కీర్తిముఖాలు, ఇంకా శాసనాలు. ఎప్పుడో పాడుబడ్డ జైన బసది నుంచి తెచ్చి తూముకు పెట్టినవి. రాష్ట్రకూటుల, వేములవాడ చాళుక్యుల కాలంలో చిలుకూరు పెద్ద జైన కేంద్రమట. నేను లెక్క కాగితం పట్టుకుని నూట ఎనిమిది సార్లు తిరిగిన చిలుకూరు.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. గుడి స్తంభాలు గోడలో కలిసి బతకడం చూడాలని సముద్రాలు దాటబోయాను. అదే సంగతి తోట నుంచి కాసేపట్లో పోయి రాగలిగేంత దూరంలో ఉంటే, ఆమె తనంతట తానే పిలిచి చెబితే, నేను కారెక్కాను.

మే నెలలో ఒక్కదాన్నే ఎనికేపల్లి వెళ్లాను. సాయంత్రపు ఎండ రాయి మీద పక్కవాటుగా పడుతోంది. ముందు ఏమీ తెలియలేదు, గరుకు రాయి అంతే. కొంచెం పక్కకు జరిగి వంగితే నీడలు పట్టాయి. మడిచిన మోకాళ్లు, ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న అరచేతులు. ముఖం అరిగింది, కూర్చున్న తీరు మాత్రం చెక్కు చెదరలేదు. ఆమె చెప్పిన మాటకు ఒక్కటి కలపనక్కర్లేదు, ఒక్కటి తీయనక్కర్లేదు. అక్షరాల వరుస గోడ దాకా వచ్చి, గోడలోకి వెళ్లిపోయింది. అటువైపు ఏం రాసి ఉందో గోడకే తెలుసు. వేలు చాపి, తాకకుండా వెనక్కి తీసుకున్నాను. నేను వచ్చింది ఆ రాళ్ల కోసం మాత్రమే కాదు.

అంతకుముందే తోటకు వెళ్లాను. తోట చేతులు మారింది. ఇప్పుడున్న వాళ్లు వేరే జిల్లా నుంచి వచ్చిన వాళ్లు, వాళ్లకు ఆమె సంగతి తెలియదు. ఊళ్లోనే ఉంటుంది కదా, అడిగితే చెబుతారని వచ్చాను. సంచిలో నానబోసిన పచ్చి శనగలు ఒక డబ్బా నిండా తెచ్చుకున్నాను. ఆమె పక్కన కూర్చుని రుబ్బి, ఆమె చెప్పినట్టు చేసి, ఆమెకు మొదటి వాయి పెట్టాలని. ఆ గుడాలు నువ్వే చేశావని ఆ రోజు అందరి ముందూ చెప్పనందుకు, ఇప్పుడు ఆమె ఒక్కదాని ముందైనా తప్పు ఒప్పుకోవాలని.

కట్ట మీద ఇద్దరు పిల్లలు సైకిల్ ఆపారు.

“ఎవలు గావాలె మేడం?”

“మీ ఊరి ఆమె. సంక్రాంతప్పుడు మామిడితోటలో పనిచేసేది. సన్నగా ఉంటుంది, ఎడమ చేతి మీద పచ్చబొట్టు.”

“పేరేంది?”

ఆ మూడు రోజులూ నేను ఆమెను “ఏమ్మా” అనే పిలిచాను.

పెద్ద పిల్లాడు కాసేపు చూశాడు. “తోటలల్ల పనికి మస్తుమంది పోతరు మేడం. పేరు చెప్పు, ఇల్లు సూపిస్త” అన్నాడు.