ఎలుగు శాశ్వత చిరునామా

ఊళ్లోకి వచ్చిన ఎలుగుబంటిని పట్టుకున్న మర్నాడు పేపర్లో వార్త ఎలా మొదలైనా చివరి వాక్యం మాత్రం ఒకటే: ‘ఎలుగును దాని సహజ ఆవాసంలో సురక్షితంగా విడిచిపెట్టారు.’ చదివి మనం ఊపిరి పీల్చుకుంటాం. అప్పగింతలు అయిపోయాయి, అత్తారిల్లు ఎలా ఉందో ఎవడికి కావాలి?

కోరాపుట్-రాయగడ రైలు మార్గంలో కకిరిగుమ్మ అని ఓ స్టేషనుంది. ఆ చుట్టుపక్కల ఒక ఎలుగు దొరికిందనుకుందాం. బోనెక్కించారు, జీపు స్టార్టయింది. ఎటు పోవాలి? కోడింగమాలి కొండకా? అక్కడ 2018 నుంచి ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ బాక్సైట్ తవ్వుతోంది. దమన్‌జోడి వైపు పంచపట్‌మాలికా? 1980ల నుంచి అది నాల్కో వారిది. టికిరి దాటి బాఫ్లిమాలికా? అక్కడి మట్టి ఉత్కళ్ అల్యూమినాకి పోతోంది. డ్రైవరు బండి ఆపి అడిగాడు: “సార్, రిజిస్టర్లో ఏం రాయమంటారు?” సారు కాసేపు బుర్ర గోక్కున్నాడు. “ప్రస్తుత చిరునామా బోను. శాశ్వత చిరునామా మైనింగ్ లీజు. రాసెయ్.”

పోనీ, పట్టాకి దరఖాస్తు చేసుకుందామంటే 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచీ అడవిలో ఉంటున్నట్టు చూపాలి. గిరిజనులు కానివాళ్లయితే మూడు తరాలు, అంటే 75 ఏళ్ల లెక్క చెప్పాలి. ఎలుగుకి తరాలకేం తక్కువ? జాంబవంతుడి దగ్గర్నుంచి ఏకరువు పెట్టగలదు. రుజువు కావాలన్నారు. దగ్గర్లో ఉన్న చెదపుట్ట దగ్గరికి నడిచింది. పొడుగాటి గోళ్లతో పుట్టను చీల్చింది, ఉఫ్‌మని దుమ్ము ఊదేసింది, ముక్కు రంధ్రాలు మూసుకుంది, పైవరసలో ముందుపళ్లు రెండు లేని సందులోంచి చెదల్ని జుర్రుకుంది. గుమాస్తా రాసుకున్నాడు: ‘తవ్వకాల్లో అనుభవం ఉంది. యంత్రాలు సొంతవి. పెట్టుబడి నిల్. దరఖాస్తు తిరస్కరించడమైనది.’

నరికిన అడవికి బదులు ఇంకోచోట మొక్కలు నాటుతున్నాం కదా అంటారు. నాటుతున్నారు, కాదనం. ఆ వరసల్లో పనసపండు ఎప్పుడు వాసనేస్తుందో, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో కూడా చెబితే ఎలుగు క్యాలెండర్లో గుర్తు పెట్టుకునేది. ఈలోగా ఉన్న ఇప్పచెట్ల కిందికే అది వస్తుంది. పువ్వు ఏరుకోవడానికి తెల్లవారకముందే బుట్టలతో వచ్చే ఆడవాళ్లదీ అదే చెట్టు, అదే వేళ. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు, రక్తం మాత్రం కారుతుంది.

ఒడిశా సరిహద్దు దాటితే శ్రీకాకుళం ఉద్దానం. జీడి, పనస తోటల కోసం ఎలుగులు అక్కడికీ వస్తున్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు మనుషుల మీద పడింది, ఒకరు చనిపోయారు. మత్తుసూది వేసి పట్టుకున్నారు. విశాఖ జూకి తరలిస్తుండగా అదీ చచ్చిపోయింది. దాని విషయంలో చిరునామా సమస్య తలెత్తలేదు.

ఇక ఎలుగును కళ్లారా చూడాలనే ముచ్చట. 2018 మేలో కోరాపుట్ పక్కనే ఉన్న నవరంగపూర్ జిల్లాలో, పాపడాహండి దగ్గర, గాయపడ్డ ఎలుగుతో సెల్ఫీ దిగబోయి ఒకాయన ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడున్నవాళ్లు దాన్ని వీడియో తీశారు. ఎలుగు మీదికి ఉరికి ఆయన్ను విడిపించబోయింది ఓ వీధికుక్క. దానికి ఫోను లేదు కాబోలు.

అన్నట్టు, రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి కొండ ఉంది. సుప్రీంకోర్టు 2013లో తీర్పిచ్చి, బాక్సైట్ కోసం దాన్ని తవ్వాలా వద్దా గ్రామసభల్నే అడగమంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులు డోంగ్రియా కొంధులు తమ దేవుడు నియమరాజు కోసం కొండను అట్టిపెట్టుకున్నారు. అదే దెబ్బకి ఎలుగుల ఇల్లూ నిలబడింది. బోను లేదు, మత్తుసూది లేదు, జీపుకి డీజిలు ఖర్చు లేదు. అయినా దీన్ని ఎలుగుల పునరావాస పథకంగా ఏ ఫైల్లోనూ ఎక్కించినట్టు లేదు. ఎక్కిద్దామంటే టెండరేదీ?